సింకులో నీళ్లు దిగకపోతే: యాసిడ్ జోలికి పోకుండా ఇంటి తూములను బాగుచేసుకోవడం

వంటింటి సింకులో నీళ్లు నిలిచిపోయినప్పుడు చాలా ఇళ్లలో మొదట జరిగే పని కిరాణా కొట్టు నుంచి డ్రెయిన్ క్లీనర్ పొడి తెచ్చి పోయడం, దానితో లాభం లేకపోతే బాత్రూమ్ యాసిడ్ కుమ్మరించడం. ఆ పొడుల్లో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. అది నీటిలో కలిసేటప్పుడు తీవ్రమైన వేడి పుట్టిస్తుంది, చర్మాన్నీ కళ్లనీ కాలుస్తుంది. జిడ్డును సబ్బుగా మార్చి కరిగించగలదు గానీ, గిన్నెలు తోమే పీచు ముక్కనో, పాల ప్యాకెట్టు కొసనో అది ఏమీ చేయలేదు. పైగా సగం కరిగిన జిడ్డు రెండు మూడు అడుగులు ముందుకు జరిగి, చేతికి అందని చోట మళ్లీ గడ్డకట్టడం మామూలే. ఇళ్లలో నీటికి అడ్డుపడేవి చాలావరకు తూము నోటికి దగ్గర్లోనే, రెండు మూడడుగుల లోపే ఉంటాయి కాబట్టి, వాటిని కరిగించాలని చూడటం కంటే బయటికి లాగి పారేయడమే సులువైన పని, ఖర్చు తక్కువ పని కూడా.

అడ్డు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి

పని మొదలుపెట్టే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూడాలి. సింకు ఒక్కటే నెమ్మదిగా దిగుతూ, బాత్రూమూ వాష్ బేసినూ బాగానే ఉంటే, అడ్డు సింకు కింది ట్రాపులోనో (కొంత నీటిని ఎప్పుడూ నిలిపి ఉంచే భాగం), దాని ముడతల పైపులోనో ఉన్నట్టు. సింకుతో పాటు గిన్నెలు కడిగే చోటు కూడా నిండుతుంటే, ఆ రెండూ కలిసే పైపులోనో, గోడ బయట అవి వచ్చి పడే గల్లీ ట్రాపులోనో వెతకాలి. కమోడ్ ఫ్లష్ చేసినప్పుడు బాత్రూమ్ నేల మీది జాలీ నుంచి నీళ్లు బుడబుడమని పైకి వస్తున్నాయంటే లోపల ఎంత కెలికినా ప్రయోజనం లేదు. అడ్డు బయటి ఛాంబరు (మురుగు పైపులు వచ్చి కలిసే, మూత ఉన్న గుంట) వైపు ఉంది, లేదా సెప్టిక్ ట్యాంకు నిండిపోయింది. అపార్ట్‌మెంటులో పై అంతస్తువాళ్లు నీళ్లు వదిలినప్పుడు మీ తూములో నీళ్లు పొంగితే, అది అందరి ఉమ్మడి పైపు సమస్య కనుక అసోసియేషన్‌కు చెప్పి చేయించవలసిన పని, ఒక్క ఇంటివాళ్లు జేబులోంచి పెట్టుకోవలసినది కాదు.

నీళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయా, వారాల తరబడి నెమ్మదిస్తూ వచ్చాయా అన్నది కూడా గుర్తుచేసుకోవాలి. ఒక్కసారిగా ఆగితే ఏదో వస్తువు పడి ఉంటుంది. దాన్ని తీయాలే తప్ప ఏ ద్రావకమూ పనికిరాదు. నెమ్మదిగా ఆగితే అది జిడ్డో, వెంట్రుకలతో పెనవేసుకున్న సబ్బు తెట్టో అయి ఉంటుంది.

దగ్గర ఉంచుకోవలసిన సామాన్లు

కర్ర కొసకు రబ్బరు కప్పున్న ప్లంజర్ ఒకటి, ఒక బకెట్టు, పాత టూత్ బ్రష్, రెండు పాత గుడ్డలు, రబ్బరు చేతి తొడుగులు, రెండు మూడడుగుల గట్టి ఇనుప తీగ ఉంటే ఇంట్లో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం తీరిపోతాయి. తీగ లేకపోతే బట్టలు తగిలించే ఇనుప హ్యాంగరును తిన్నగా సాగదీసి, కొసను చిన్న కొక్కెంలా వంచుకోవచ్చు. అంచుల వెంట ముళ్లలాంటి పళ్లున్న సన్నటి ప్లాస్టిక్ పట్టీ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. వెంట్రుకలు లాగడానికి దానికి మించినది లేదు. లోపలికి తిప్పుతూ పంపే స్ప్రింగు తీగ కొంచెం ఖరీదు కాబట్టి వెంటనే కొననక్కరలేదు, ఇరుగుపొరుగు నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకటి కొనుక్కుంటే అందరికీ సరిపోతుంది. సింకుకు వాడే ప్లంజరునూ మరుగుదొడ్డికి వాడేదాన్నీ మాత్రం విడివిడిగా ఉంచుకోవాలి.

వంటింటి సింకు

మన వంటిళ్ల తూముల్లో పేరుకునేది ప్రధానంగా నూనె, నెయ్యి, గంజి, పిండి, టీ పొడి, చింతపండు పిప్పి. వీటిలో జిడ్డు ఒక రకంగానూ పిండి మరో రకంగానూ ప్రవర్తిస్తాయి కాబట్టి రెండింటికీ ఒకే వైద్యం పనికిరాదు. నెయ్యీ వనస్పతీ 40 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతాయి కనుక వేడినీళ్లకు లొంగుతాయి. పచ్చి పిండి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఇడ్లీ గిన్నెలూ మిక్సీ జారులూ కడిగిన నీళ్లతో పైపులో పిండి పేరుకుని ఉంటే, దాని మీద వేడినీళ్లు పోయడమంటే పైపులోనే దాన్ని ఉడకబెట్టి గట్టిపరచడమే. అందువల్ల పిండి అని అనుమానం ఉన్నప్పుడు చన్నీళ్లతో, చేత్తో పని చేయాలి.

మొదట సింకులో నిలిచిన నీటిని మగ్గుతో తోడి బకెట్టులో పోయాలి. జాలీ తీసి, దాని కింద ఇరుక్కున్న మెతుకులూ కరివేపాకు రెబ్బలూ తీసేయాలి. అంతటితోనే నీళ్లు దిగిపోయే సందర్భాలు తక్కువేమీ కావు.

అప్పటికీ దిగకపోతే ప్లంజర్ వాడాలి. రబ్బరు కప్పు మునిగేంత నీరు సింకులో ఉండాలి, ఎందుకంటే గాలిని నొక్కితే అది కుదించుకుపోతుంది గానీ నీరు అలా కుదించుకుపోకుండా ఒత్తిడిని నేరుగా అడ్డు మీదికి తీసుకుపోతుంది. రెండు తొట్లున్న సింకయితే రెండో తూమును తడిగుడ్డతో గట్టిగా మూయాలి. సింకు గోడకు పొంగునీటి రంధ్రం ఉంటే దాన్నీ మూయాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోవడం వల్లే ప్లంజరు పనిచేయదని చాలామంది పక్కన పడేస్తుంటారు. కప్పును తూము మీద నిటారుగా ఆనించి, మెల్లగా ఒకసారి నొక్కి లోపలి గాలి పోనిచ్చి, ఆ తరువాత వరుసగా పదిహేను ఇరవై సార్లు నొక్కుతూ లాగుతూ, చివర్లో ఒక్కసారిగా పైకి లాగాలి. నొక్కడం మీదనే బలమంతా పెట్టకూడదు. పైకి లాగే ఊపే అడ్డును కదిలించి వదులు చేస్తుంది. అతుకులు వదులుగా ఉన్న పాత పైపులైతే కింద ఎవరైనా కూర్చుని నీరు కారుతోందేమో చూస్తుండటం మేలు.

ప్లంజర్‌తో తేలకపోతే ట్రాపు విప్పాలి. సింకు కింద గ్లాసు ఆకారంలో కనిపించే బాటిల్ ట్రాపులో గానీ, వంకీ తిరిగిన పైపులో గానీ కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. మురుగు వాయువూ బొద్దింకలూ ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీరే. బకెట్టును దాని కింద పెట్టి, ట్రాపు అడుగు మూతను చేత్తో ఎడమ వైపుకు తిప్పితే ఊడి వస్తుంది. బిగుసుకుపోతే గుడ్డ చుట్టి తిప్పాలి, ప్లాస్టిక్ మర మీద పానా వేస్తే పగిలే ప్రమాదం ఉంది. విప్పేటప్పుడు రబ్బరు వాషరు ఏ వైపు తిరిగి ఉందో, ఏ భాగం తరువాత ఏ భాగం ఉందో ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు. లోపలి మడ్డిని కాగితంలోకి తీసి చెత్తబుట్టలో వేయాలి, టూత్ బ్రష్షుతో గోడలు రుద్దాలి, బట్టల సోడా కలిపిన గోరువెచ్చని నీటిలో కాసేపు నానబెట్టి కడగాలి. బకెట్టులోని మురుగునీటిని అలవాటుకొద్దీ అదే సింకులో పారబోయకుండా గుర్తుంచుకోవాలి; ట్రాపు లేని సింకులో పోసిన నీళ్లు నేరుగా కాళ్ల మీదికే వస్తాయి.

ట్రాపు శుభ్రంగా ఉండి కూడా నీళ్లు దిగకపోతే ముడతల పైపును అనుమానించాలి. ఆ ముడతల్లో ప్రతి గీతా జిడ్డు పట్టే చోటే. రెండు కొసలూ విప్పి, బయటికి తీసుకెళ్లి, మధ్యలో నలుపుతూ వేడినీళ్లు పోస్తే చాలావరకు వదులుతుంది. లోపల రాయిలా గట్టిపడి ఉంటే దానితో కుస్తీ పట్టడం కంటే కొత్త పైపు కొనడమే నయం, ఖరీదు చాలా తక్కువ. కొత్తది అమర్చేటప్పుడు అవసరానికి మించిన పొడవు ఉంచి చుట్టలు చుట్టకూడదు. పైపు ఎక్కడ కిందికి వేలాడితే అక్కడ మడ్డి నిలుస్తుంది. చాలా ఇళ్లలో పైపును నేల రంధ్రంలోకి ఊరికే దూర్చి చుట్టూ గుడ్డ కుక్కి వదిలేస్తుంటారు. ఆ గుడ్డ కుళ్లి, జారి లోపలికి పడిందంటే అదే కొత్త అడ్డు అవుతుంది. దానికి బదులు రబ్బరు బిరడా లాంటి కాలరు అమర్చుకోవాలి.

అన్నీ బిగించాక సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదిలి, ప్రతి అతుకు కిందా పొడి కాగితం ఆనించి చూడాలి. కాగితం తడిస్తే ఇంకొంచెం బిగించాలి. అప్పటికీ కారితే వాషరు మార్చాలి.

జిడ్డుకు బట్టల సోడా, వాసనకు వంటసోడా

వంటసోడా చల్లి వెనిగర్ పోస్తే తూము శుభ్రపడుతుందన్న చిట్కా విరివిగా ప్రచారంలో ఉంది. నురగ బాగా వస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. అయితే క్షారమూ ఆమ్లమూ కలిసిన మరుక్షణం ఒకదాన్నొకటి నిర్వీర్యం చేసుకుని, కార్బన్ డయాక్సైడ్ బుడగలూ నీరూ కొద్దిపాటి లవణమూ మిగులుతాయి. నోరు తెరిచి ఉన్న పైపులో ఆ బుడగలకు అడ్డును నెట్టేంత ఒత్తిడి ఉండదు, వెంట్రుకలను అవి తాకను కూడా తాకవు. తూము వాసన తగ్గడానికీ, ఇప్పుడిప్పుడే పడుతున్న పలుచటి పాచిని వదిలించడానికీ ఈ చిట్కా పనికొస్తుంది, అంతకుమించి ఆశించడం అనవసరం.

జిడ్డు మీద నిజంగా పనిచేసేది బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్. ఇది వంటసోడా కంటే బలమైన క్షారం, కాస్టిక్ సోడా కంటే చాలా మృదువైనది, ధర కూడా తక్కువే. నిలిచిన నీటిని పూర్తిగా తోడేసి, ఒక లీటరు వేడినీటిలో మూడు నాలుగు పెద్ద చెంచాల సోడా కరిగించి, కొంచెం గిన్నెల సబ్బు ద్రవం కలిపి, తూములో నెమ్మదిగా పోయాలి. పదిహేను ఇరవై నిమిషాలు ఆగి, ప్లంజర్‌తో నాలుగు ఊపులు ఊపి, మళ్లీ వేడినీళ్లు వదలాలి. చేతి తొడుగులు వేసుకోవాలి, అల్యూమినియం గిన్నెలో ఈ ద్రావణం కలపకూడదు. నీళ్లు అసలే దిగని తూములో దీన్ని పోయకూడదు. కొద్దికొద్దిగా అయినా దిగుతున్నప్పుడే జిడ్డు దాకా చేరుతుంది.

మరుగుతున్న నీటిని నేరుగా పోయవద్దు. ఇళ్లలో వాడే పీవీసీ మురుగు పైపులను 60 డిగ్రీలు దాటిన వేడికి గురిచేయకపోవడం మంచిది, అంతకు మించితే పైపులూ అతుకుల్లోని రబ్బరు రింగులూ మెత్తబడి కాలక్రమేణా వంగిపోతాయి. మరిగిన నీటికి అంతే కొలత కుళాయి నీళ్లు, ఆ పైన మరికాస్త కలిపితే దాదాపు ఆ వేడికి వస్తుంది. జిడ్డు కరగడానికి అది ధారాళంగా చాలు. అన్నం వార్చిన గంజిని సలసల కాగుతుండగానే సింకులో వంపడం ఈ లెక్కన రెండు విధాల చెడ్డది, ఒకవైపు వేడి, మరోవైపు చల్లారాక చిక్కబడే పిండి పదార్థం.

బాత్రూమ్ నహానీ ట్రాప్

బాత్రూమ్ నేల మీది జాలీ కింద ఉండేదాన్ని నహానీ ట్రాప్ అంటారు. ఇక్కడ శత్రువు ఎప్పుడూ వెంట్రుకలే. వాటికి సబ్బు తెట్టు, సున్నిపిండి, కుంకుడుకాయల పిప్పి, షాంపూ ప్యాకెట్ల కొసలు తోడై ఒక జడలా పెనవేసుకుంటాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇబ్బంది మరీ ఎక్కువ, ఎందుకంటే ఉప్పునీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లటి తెట్టును తయారుచేస్తుంది, అది వెంట్రుకలను పైపు గోడకు అతికించేస్తుంది.

జాలీకి మరలుంటే స్క్రూడ్రైవరుతో విప్పాలి, లేకపోతే కొక్కెంతో ఎత్తాలి. కొన్ని ట్రాపుల్లో జాలీ కింద బోర్లించిన గిన్నెలాంటి ప్లాస్టిక్ కప్పు ఉంటుంది. దాన్ని తిప్పి పైకి లాగితే వస్తుంది. చేతి తొడుగు వేసుకుని పైన కనిపించే వెంట్రుకలు తీసేశాక, తీగ కొక్కేన్నిగానీ పళ్ల పట్టీని గానీ వీలైనంత లోపలికి దించి, నాలుగైదు చుట్లు తిప్పి, నిదానంగా పైకి లాగాలి. హడావిడిగా లాగితే ఉండ తెగిపోయి సగం లోపలే మిగులుతుంది. తీగను తూము లోపలికి పొడుస్తూ పోవడం చాలామంది చేసే తప్పు. దానివల్ల ఉండ పైపు మలుపు దాకా జరిగి అక్కడ స్థిరపడుతుంది. వెంట్రుకలు రావడం ఆగిపోయేదాకా ఇదే పని మళ్లీ మళ్లీ చేసి, కప్పునూ జాలీనీ బ్రష్షుతో తోమి, జాలీ మీది తెల్లటి ఉప్పు పొరకు నిమ్మచెక్కో వెనిగరో రాసి గంటసేపు వదిలేయాలి. నిమ్మరసమైనా వెనిగరైనా పాలరాయి, గ్రానైట్ నేలల మీద పడితే మెరుపు పోతుంది కనుక జాలీని విడిగా బకెట్టులో ఉంచి చేయడం మంచిది.

చివరగా ఒక బకెట్టు నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించి, అవి సుడి తిరుగుతూ దిగుతున్నాయో లేదో చూడాలి. లోపలి కప్పును తప్పకుండా దాని స్థానంలో తిరిగి పెట్టాలి. నీళ్లు త్వరగా పోతాయని కొందరు దాన్ని తీసేసి ఊరుకుంటారు, ఆ తరువాత బాత్రూమ్‌లో కంపు ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాక ఫినాయిల్ మీద డబ్బు తగలేస్తారు. ట్రాపులో నిలవవలసిన 50 మిల్లీమీటర్ల నీరే వాసనకు తలుపు. వాడని బాత్రూమ్‌లో, ముఖ్యంగా వేసవిలో, ఆ నీరు ఆవిరైపోతుంది కనుక వారానికోసారి ఒక మగ్గు నీళ్లు పోస్తుంటే చాలు.

వాష్ బేసిన్‌కు సింకు పద్ధతీ దీని పద్ధతీ కలిపి వాడాలి. తూము నోటి అడ్డుకమ్ముల దగ్గర చుట్టుకున్న వెంట్రుకలను పట్టీతో లాగి, పొంగునీటి రంధ్రం మూసి ప్లంజర్ కొట్టి, చివరగా ట్రాపు విప్పి కడగాలి. ఉంగరమో ముక్కుపుడకో జారిపడితే వెంటనే కుళాయి కట్టేయండి, అది ట్రాపు అడుగునే ఉంటుంది.

మరుగుదొడ్డి

నీళ్లు అంచు దాకా వచ్చి నిలిచినప్పుడు మళ్లీ ఫ్లష్ నొక్కకూడదు. గోడ దగ్గర ఫ్లష్ ట్యాంకుకు నీళ్లు వదిలే యాంగిల్ కాక్ కట్టేసి, నీటిమట్టం తగ్గేదాకా ఆగాలి. అరకప్పు గిన్నెల సబ్బు ద్రవం పోసి, గోరువెచ్చని నీళ్లు అరబకెట్టు నడుము ఎత్తు నుంచి ధారగా పోసి, ఇరవై నిమిషాలు వదిలేస్తే మామూలు అడ్డు జారిపోతుంది. పింగాణీ చిట్లుతుంది కాబట్టి మరిగే నీళ్లు ఇక్కడ అసలు వాడకూడదు. కప్పు కింది నుంచి పొడుచుకువచ్చే రబ్బరు పెదవి ఉన్న ప్లంజర్ కమోడ్‌కు సరిగ్గా కూర్చుంటుంది. భారతీయ పద్ధతి మరుగుదొడ్డికి పాత మాప్ కర్ర కొసకు మందపాటి ప్లాస్టిక్ సంచి తొడిగి తాడుతో బిగించి, తూము నోట్లో పైకీ కిందికీ ఆడిస్తే ప్లంజరు చేసే పనే చేస్తుంది. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, తడి తుడుపు కాగితాలు పడి ఉంటే నెట్టే ప్రయత్నం మానేసి, అందినంతవరకు కొక్కెంతో బయటికి లాగాలి. అవి నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, నెట్టినకొద్దీ బిగుసుకుంటాయి.

ఇంటి బయట ఛాంబర్లు

సొంత ఇళ్లలో ఛాంబరు మూతలు తీసి చూస్తే అడ్డు ఎక్కడుందో సులువుగా తెలుస్తుంది. ఇంటికి దగ్గరి ఛాంబరు నిండి, దాని తరువాతిది ఖాళీగా ఉంటే, అడ్డు ఆ రెండింటి మధ్య పైపులో ఉన్నట్టు. పొడవాటి వెదురు బద్దనో, స్ప్రింగు తీగనో ఆ పైపులోకి పంపి ముందుకూ వెనక్కూ ఆడించాలి. అడ్డు విడిపోయినప్పుడు నిలిచిన మురుగంతా ఒక్కసారిగా వస్తుంది కనుక పక్కకు నిలబడి చేయాలి. పైపు నుంచి సన్నటి వేళ్లు వస్తే దగ్గర్లోని చెట్టు వేరు అతుకులోంచి దూరిందని అర్థం, అక్కడ తవ్వి పైపు మార్చక తప్పదు.

మూత తీశాక కాసేపు గాలి ఆడనివ్వాలి, తల లోపలికి పెట్టకూడదు, దగ్గర నిప్పు వెలిగించకూడదు. సెప్టిక్ ట్యాంకులోకి గానీ మ్యాన్‌హోల్‌లోకి గానీ మనిషిని ఎట్టి పరిస్థితిలోనూ దించకూడదు. లోపల నిలిచే హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులు క్షణాల్లో స్పృహ తప్పిస్తాయి. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను దించి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. ట్యాంకు నిండితే యంత్రంతో పీల్చే లారీనే పిలిపించాలి. హైదరాబాద్‌లో వీధి మ్యాన్‌హోల్ పొంగుతుంటే అది నగర నీటి సరఫరా, మురుగునీటి సంస్థ అయిన జలమండలి పని. 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

కలపకూడనివి

ఇంట్లో ఇప్పటికే యాసిడ్ గానీ డ్రెయిన్ పొడి గానీ పోసి ఉంటే, ఆ తూములో ప్లంజర్ కొట్టవద్దు, ట్రాపు విప్పవద్దు. ఆ నీళ్లు ముఖం మీదికి చిందితే కంటిచూపుకే ప్రమాదం. ప్లంబర్ వచ్చినప్పుడు ఫలానాది పోశామని ముందే చెప్పడం మన బాధ్యత. బ్లీచింగ్ పౌడరు గానీ బ్లీచ్ ద్రవం గానీ పోసిన చోట మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను, ఆ మాటకొస్తే వెనిగర్‌ను కూడా పోయకూడదు, ఎందుకంటే బ్లీచ్‌తో అవి కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి ఆడని చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

మళ్లీ పూడుకోకుండా

వేపుడు మూకుడునూ నూనె గిన్నెలనూ కడిగే ముందు పాత న్యూస్ పేపరుతో తుడవడం అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే అలవాటు. గంజిని చల్లారనిచ్చి, ఉప్పు వేయనిదైతే నీళ్లు కలిపి మొక్కలకు పోయవచ్చు. రుబ్బిన పిండి గిన్నెలను మొదట కొద్ది నీళ్లతో తొలిచి, ఆ నీళ్లు బయట చెట్టు మొదట్లో పోసి, ఆ తరువాతే సింకులోకి తేవాలి. టీ పొడి, కాఫీ డికాక్షన్ తుక్కు, చింతపండు పిప్పి చెత్తబుట్టకే వెళ్లాలి. తూము జాలీ మీద సన్నరంధ్రాల స్టీలు వలగిన్నె ఒకటి వేసుకుంటే మిగతాదంతా అది పట్టేస్తుంది. తలస్నానం అయిన వెంటనే జాలీ మీది వెంట్రుకలు తీసేయడం, పదిహేను రోజులకోసారి సింకులో బట్టల సోడా కలిపిన వేడినీళ్లు వదలడం, వానాకాలానికి ముందే డాబా మీది తూముల నుంచి రాలుటాకులు తీసేయడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ప్లంబర్‌ను పిలిచేటప్పుడు

ట్రాపు శుభ్రం చేసి, ప్లంజర్ రెండు మూడు విడతలు వాడినా నీళ్లు కదలకపోతే, ఒకేసారి రెండు మూడు చోట్ల పొంగుతుంటే, గోడ మీద కొత్తగా తేమ మరక కనిపిస్తే ఇక ఆగకుండా ప్లంబర్‌ను పిలవాలి. ఏ తూము ఎప్పటి నుంచి నెమ్మదించిందో, ట్రాపు విప్పి చూశారో లేదో, ఏమేం పోశారో వివరంగా చెబితే వెతుకులాట సగం తగ్గుతుంది. యాసిడ్ పోస్తానంటే వద్దని, స్ప్రింగు తీగతో గానీ నీటి ఒత్తిడి యంత్రంతో గానీ చేయమని అడగాలి. అడ్డు తీశాక ఆయన వెళ్లకముందే రెండు బకెట్ల నీళ్లు వరుసగా పోసి చూసుకోవాలి, బయటికి వచ్చిందేమిటో కూడా అడిగి తెలుసుకోవాలి. వచ్చింది సిమెంటు పెళ్లలో టైల్స్ ముక్కలో అయితే అవి ఇల్లు కట్టినప్పుడు పైపులో మిగిలిపోయినవి. మిగతా తూములలో కూడా అవి ఉండే అవకాశం ఉంది గనుక, అదే రోజు అన్నిటినీ చూపించేయడం రెండోసారి పిలిపించడం కంటే చవక.